పాతరకు ఊపిరి

మా అత్తగారికీ నాకూ జరిగిన గొడవల్లో చాలావాటికి కారణాలు ఇప్పుడు గుర్తులేవు. ఒక్కటి మాత్రం మరిచిపోలేదు. అది మొక్కజొన్న పాతర గురించి. దానికి ఊపిరి ఆడాలని ఆవిడ, ఊపిరి తగిలితే పాడైపోతుందని నేను. ఇద్దరం గేదెల మేలు కోరే పోట్లాడుకున్నాం. అందుకే ఆ గొడవ అంత మొండిగా సాగింది.

ఎనభైల మొదటి సంవత్సరాల మాట. మాది సఖినేటిపల్లికి ఎగువన వశిష్ఠ ఏటిగట్టును ఆనుకుని ఉన్న ఊరు. మా ఆయన దుబాయిలో తాపీపని చేసేవారు. ఇంట్లో ఉన్నది అత్తగారు, నేను, రెండు గేదెలు. మగదిక్కు లేని ఇల్లని ఊరంతా మామీద తెగ జాలిపడేది. నాకు ఆ జాలి చూస్తే ఒళ్లు మండేది. పొద్దున్నా సాయంత్రం పాలకేంద్రంలో పాలు పోసి బతికేవాళ్లం. దుబాయి నుంచి ఏం వస్తుందో, ఎప్పుడొస్తుందో తెలియదు గాని, పాలు మాత్రం మమ్మల్ని నమ్ముకున్నట్టు రోజూ వచ్చేవి.

పెద్ద గేదె అత్తగారి సొంతం. కామందు దగ్గర కూలికి వెళ్లే రోజుల్లో పెయ్యదూడగా పాలుకు, అంటే పెంపకం వాటాకు, తెచ్చుకుని, గట్టున కోసిన గడ్డితో పెంచి, చివరికి తన వాటాగా దక్కించుకుంది. ఆ ఇంట్లో మాదీ అని చెప్పుకోగలిగిన మొదటి ప్రాణి అదే. నేను కాపురానికి వచ్చేనాటికి దాని ఈతలు అయిపోవస్తున్నాయి. నేను చెబుతున్న ఏడాదికి పూర్తిగా వట్టిపోయింది. చిన్నగేదె దాని కూతురే. ఇల్లు గడిచేది చిన్నదాని మీద.

అంతకు ముందటేడు వరదలో మా గడ్డిమేటు నానిపోయి కుళ్లింది. వరిగడ్డి తప్ప ఇంకో మేత ఎరగని ఇల్లు మాది. అరటిబోదెలు నరికి పెట్టాం, కొబ్బరాకులు చీల్చి పెట్టాం. వాటితో పశువు కడుపు నిండుతుందా? చూడితో ఉన్న చిన్నగేదె నెలలు నిండకుండానే ఈసుకుపోయింది. చచ్చిన దూడను చూసి అత్తగారు రెండు పూటలు అన్నం ముట్టలేదు. పశువుల డాక్టరుగారు వచ్చి చూసి, "ఈసారి కూడా ఇలాగే అయితే ఇక చూడి నిలవడం కష్టమండి. కడుపుతో ఉన్నంతకాలం మంచి మేత పడాలండి దానికి" అన్నారు. ఆ మాటకు అర్థం మా ఇద్దరికీ బాగానే తెలిసింది. అది కూడా వట్టిపోతే ఆ ఇంట్లో పాలుండవు. పాలు లేకపోతే అత్తగారు ఆ వయసులో మళ్లీ కామందుల చేలగట్లు ఎక్కాలి.

ఆ డాక్టరుగారే పంచాయితీ అరుగు మీద అందరినీ కూచోబెట్టి పాతర గడ్డి గురించి చెప్పారు. మొక్కజొన్న గింజ పాలు పోసుకుని గట్టిపడబోతున్నప్పుడు కోసి, చిన్నచిన్న ముక్కలు నరికి, గుంటలో పోసి, బాగా తొక్కి, గాలి చొరకుండా మూసేస్తే నెలల తరబడి పచ్చిమేతలా ఉంటుందట. మగవాళ్లు బీడీలు కాల్చుకుంటూ విన్నారు. ఒకాయన నవ్వాడు. "పచ్చిగడ్డిని పూడ్చిపెడితే మేతవుద్దా డాక్టరుగారండీ? ఎరువవుద్దండి" అన్నాడు. డాక్టరుగారు నవ్వలేదు. "గాలి తగిలితే ఎరువేనండి. తగలకపోతే మేతండి. అంతా మూతలోనే ఉందండి" అన్నారు. ఆ మాట నా బుర్రలో మేకులా దిగబడింది.

లంకలో కౌలుకు చేస్తున్న చెక్కలో కూరగాయలు మాని మొక్కజొన్న వేశాను. కోత ఈస్టరు ముందొచ్చే మట్టల ఆదివారానికి ముందు వారంలో పడింది. గుంట తవ్వడం మొదలుపెడితే నడుంలోతు కూడా దిగకముందే నీళ్లు ఊరాయి. మా కోనసీమలో గొయ్యి తవ్వితే నుయ్యవుతుందన్న సంగతి ఆ ఉత్సాహంలో నాకు తట్టనేలేదు. అత్తగారు గట్టున నిలబడి చూసింది. చివరికి గొయ్యి పూడ్చేసి, ఏటిగట్టు పక్క మెరక మీద పడిపోయిన కొబ్బరిచెట్ల మొద్దులు రెండువైపులా గోడల్లా పేర్చి, సందుల్లో బంకమట్టి కూరి, నేల పైనే పాతర కట్టుకున్నాం.

పడవలోంచి మొక్కజొన్న దించిన దగ్గర్నుంచి ఇరుగుపొరుగు ఆడవాళ్లు కత్తులు పట్టుకుని నరుకుతూనే ఉన్నారు. తొక్కడానికి పెద్దగేదెను ఎక్కిద్దామన్నది అత్తగారే. అది ఆవిడ మాట వింటుంది. పలుపు పట్టుకుని ముందు ఆవిడ, వెనక అది. ఆ మొద్దుల మధ్య ముందుకీ వెనక్కీ నడుస్తూనే ఉన్నారు. పేడ మేతలో పడకుండా దాని తోక కింద పాత గోతం కట్టాం. అది చూసి ఆడవాళ్లు ఒకటే నవ్వులు. "కొత్తకోడలికి కూడా ఇంత ముస్తాబు చెయ్యలేదు కదే మీ అత్త" అని నన్ను ఆటపట్టించారు. వట్టిపోయి పనికిరాదనుకున్న గేదె ఆ రోజు పొద్దుగూకే దాకా పనిచేసింది. దాని బరువుకు ముక్కలు అణిగి, అడుగు వేస్తే కాలు దిగనంత గట్టిపడ్డాయి. కాళ్ల కింద అంత తీపి వాసన వస్తున్నా తల వంచితే అత్తగారు పలుపు లాగేసేది. "ఇప్పుడు కాదే అమ్మా. వానల్లో తిందువు గాని" అని దాని చెవిలో చెప్పేది.

నల్ల ప్లాస్టిక్ పట్టా దగ్గర చిక్కొచ్చింది. రాజోలు షాపులో ఉన్నది పరిస్తే పాతరలో సగానికి కాస్త ఎక్కువ వచ్చింది. కోసిన మేత ఆగదు. మూత వెంటనే పడాలి. ఒకవైపు పట్టా కప్పి, అంచుల మీద మట్టి కూరి, ఇసక గోతాలు పెట్టాను. మిగిలిన వైపు వరిగడ్డి పరిచి, ఊక కలిపిన బంకమట్టి మందంగా మెత్తాం. ధాన్యం గాదెకు మెత్తినట్టే. ఎండలు ముదిరాయంటే ఆ మట్టి బీటలు వేస్తుంది. రోజూ పేడనీళ్లతో అలకాలి. ఆ పని అత్తగారు తీసుకుంది.

అసలు గొడవ అక్కడ మొదలైంది. మూసిన మర్నాడు అలకడానికి వెళ్లిన మనిషి పరుగున వచ్చింది. "కాలతందే! చెయ్యెట్టి చూడు. లోపల రాజుకుంటంది" అంది. వెళ్లి మట్టి మీద చెయ్యి వేశాను. నిజమే, వెచ్చగా ఉంది. మొదట వేడెక్కుతుంది, లోపలున్న గాలి అయిపోయాక దానంతటదే చల్లారుతుంది అని డాక్టరుగారు ముందే చెప్పారు. అదే చెప్పాను.

"మేటు కాలడం నువ్వు చూడలేదు. నేను చూసేను" అంది.

ఆవిడ పెళ్లి కాకముందు సంగతి. కామందు పచ్చి ఆరకుండానే గడ్డి మేటు వేయించాడట. ఎవరూ నిప్పు పెట్టలేదు. లోపలి వేడికి అదే అంటుకుంది. పక్కనే పశువులసాల. కట్టుగుంజల దగ్గర దూడలు. విప్పగలిగినన్ని విప్పి బయటికి తోలిందట. విప్పలేనివాటి అరుపులు ముసలితనం దాకా ఆవిడ చెవుల్లోనే ఉన్నాయి. మా వైపు మేటు వేసేటప్పుడు నడుమ కొబ్బరిమట్టలు నిలబెట్టి, వేయడం అయ్యాక వాటిని పైకి లాగేస్తారు. ఆ బొరియలోంచి ఆవిరి పోతుంది. ఆవిడకు తెలిసిన లోకంలో పచ్చిది ఏదైనా సరే, మూసిపెడితే ఊపిరి వదలాలి.

"ఆవకాయ జాడీకి వాసెన ఎందుకు కడతామండీ అత్తయ్యగారూ? గాలి తగలకుండానే కదా" అన్నాను.

"దాన్లో ఉప్పుంది, నూనుంది, కారం ఉంది. దీన్లో ఏముందే?"

"లోపల పులుపు పుడుతుందండి. ఆ పులుపే కాపాడుద్దండి."

"పులిస్తే పాడైనట్టే గదే."

"మరి తరవాణి తాగుతున్నాం కదండీ?"

"తరవాణి ఏ రోజుది ఆ రోజు తాగుతాం. వానాకాలం దాకా దాచుకుంటామా?"

పదోతరగతి దాకా చదివినదాన్ని, తరవాణి దగ్గర ఆవిడ చేతిలో ఓడిపోయానని ఒళ్లు మండిపోయింది. "చెయ్యి పెట్టేరంటే మాత్రం ఊరుకోనండి" అని గట్టిగా అరిచి లోపలికి వచ్చేశాను. ఆ వారమంతా ఇంట్లో మాటల్లేవు. అన్నం వడ్డిస్తే తినేది, చెంబు అక్కడ పెట్టి వెళ్లిపోయేది. అలకడానికి వెళ్లినప్పుడల్లా చెవి ఆనించి వింటూ నిలబడేది. ఆవిడ అలా వింటుంటే నాకూ భయమేసేది. నిజంగా రాజుకుంటే? డాక్టరుగారు చెప్పిన మాట మా నేలకు, మా ఎండకు వర్తించకపోతే? పాలకేంద్రానికి వెళ్లినా మనసు పాతర మీదే ఉండేది. గట్టు వైపు ఎక్కడ పొగ కనబడినా అటే పరుగెత్తేదాన్ని.

తర్వాత పాతర చల్లబడింది. మట్టి మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది. "చూసేరా అండీ, చెప్పలేదా" అన్నాను. అత్తగారు "ఆయ్, చల్లారిందిలే" అని తనలో తాను నవ్వుకుంది. ఓడిపోయినావిడ నవ్వులా లేదది. కాని నేను గెలిచిన సంతోషంలో ఉన్నాను, పట్టించుకోలేదు. మళ్లీ మాటలు కలిశాయి. వేసవంతా ఆవిడ రోజూ అలుకుతూనే ఉంది. ఎండకు మట్టి బీటలు వేసేది, ఆవిడ పూడ్చేది, మళ్లీ వేసేది. పట్టా వైపు మాత్రం చెయ్యి పెట్టే పనే పడలేదు.

వానలు ముందే దిగాయి. ఆ వెనకే గోదావరి ఎర్రబడింది. లంకలు మునిగాయి, ఏటిగట్టు లోపలి అంచు దాకా నీళ్లొచ్చాయి. పెరట్లో మడమలోతు నీరు నిలిచి, మేటు అడుగు మళ్లీ నానడం మొదలుపెట్టింది. ఊళ్లో పశువులన్నీ గట్టెక్కాయి. మా రెండూ కూడా గట్టు మీదే, పాతర పక్కన. చిన్నది మళ్లీ చూడితో ఉంది. పొట్ట కనబడుతోంది. నిరుడు ఈసుకుపోయింది సరిగ్గా ఈ రోజుల్లోనే. మేటులో పనికొచ్చే గడ్డి అయిపోయిన పూట, "ఇక విప్పుదామండి అత్తయ్యగారూ" అన్నాను.

పార తీసుకుని మట్టి మెత్తిన వైపు వెళ్లాను. సన్నగా వాన పడుతోంది. మట్టి మీద ఓ కొబ్బరిచిప్ప బోర్లించి ఉంది. కొబ్బరిచిప్ప మా ఊళ్లో ఎక్కడ లేదు గనక? ఎన్నిసార్లు చూసి ఉంటానో. కాని ఆ రోజు వాననీళ్లు దాని చుట్టూ చేరి కిందికి ఇంకిపోతున్నాయి. పక్కనంతా నీళ్లు జారిపోతుంటే అక్కడే ఎందుకు ఇంకుతున్నాయి? చిప్ప ఎత్తాను. కింద చెయ్యి పట్టేంత బొరియ. అందులో గొట్టంలా బోలుగా ఉండే బొప్పాయి ఆకు కాడ, ఎండి ముడుచుకుపోయింది. కాడ చుట్టూ చీమలు తొలిచిన మట్టి. ఎలకలు కూడా తిరిగినట్టున్నాయి. ఆ కన్నంలోంచి కుళ్లిన వాసన వచ్చింది.

వెనక్కి తిరిగి చూస్తే అత్తగారు చిన్నదాని పలుపు పట్టుకుని నిలబడి ఉంది.

"ఊపిరి పెట్టేనే" అంది నేను అడక్కముందే. "కాలిపోతందని భయమేసి పెట్టేను. పెట్టేకే చల్లారింది."

అప్పుడు తెలిసింది ఆ నవ్వుకు అర్థం. దానంతటది చల్లారిన పాతరను తన బొప్పాయి కాడే చల్లార్చిందని ఇన్నాళ్లూ నమ్మింది. ఆ నమ్మకంతోనే రోజూ ఆ కన్నం చుట్టూ జాగ్రత్తగా అలికింది. కోపం ఆగలేదు. "గేదెని మీ చేత్తో మీరే చంపుకున్నారండి" అన్నాను. గట్టు మీద వాళ్లందరూ విన్నారు. విననీ అనుకున్నాను. ఆ మాట తప్పని నాకు ఇప్పటికీ అనిపించదు.

మట్టి పగలగొట్టాను. కింద వరిగడ్డి జిడ్డుగా నల్లబడింది. ఆ కింద మేత కూడా నలుపే. మధ్యమధ్య తెల్లటి బూజు. పిడికిట పట్టుకుంటే వేడి. బూజు మేత చూడి గేదెకు పెడితే దూడ నిలవదని డాక్టరుగారు మరీమరీ చెప్పారు. ఆ నలుపును పారతో గట్టు అవతలికి విసరడం మొదలుపెట్టాను. రెండు గేదెలూ ఆకలితో అరుస్తున్నాయి. చిన్నది మెడ సాచి నేను పారేసినదాన్నే అందుకోబోయింది. అత్తగారు దాని మూతి మీద చెయ్యి అడ్డం పెట్టి, ఆగకపోతే రెండు చేతులతో మెడ వాటేసుకుంది. అది ఆవిడను ఈడ్చుకుపోయింది. బురదలో మోకాళ్ల మీద పడినా వదల్లేదు.

తవ్వుతున్నకొద్దీ నలుపే. పైన ఉన్న నలుపు అడుగు దాకా దిగింది. ముందుకు నరికితే మళ్లీ నలుపు. పాతరంతా ఇంతేనా? పట్టా కింద కూడా ఇంతేనా? గట్టు మీద మగవాళ్లు చుట్టూ చేరారు. "చెప్పేం కదండీ, ఎరువవుద్దని" అని ఒకాయన అననే అన్నాడు. నేను తల ఎత్తలేదు. ఎత్తితే ఏడుస్తానని తెలుసు.

పట్టా అంచు దగ్గరికి వచ్చేసరికి నలుపు గోధుమరంగులోకి దిగింది. ఇంకాస్త నరికాను. గోధుమరంగు పోయి పసుపు కలిసిన ఆకుపచ్చ బయటపడింది. గింజలు గింజల్లాగే ఉన్నాయి. చల్లగా ఉంది. గుప్పిట పట్టి ముక్కు దగ్గర పెట్టుకుంటే పొద్దున్నే కుండ మూత తీసినప్పటి తరవాణి వాసన. పార కింద పడేసి అక్కడే కూలబడ్డాను. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అత్తగారు బురద చేతులు కోకకు తుడుచుకుని వచ్చింది. నా చేతిలోంచి ఓ ముక్క తీసి నాలిక మీద పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. "పులుపే" అంది. మిగిలిన పిడికెడు చిన్నదాని ముందు పెట్టింది. అది వాసన చూసి తల విదిలించింది, మళ్లీ వాసన చూసింది, తర్వాత తినడం మొదలుపెట్టింది. ఆ నమిలే చప్పుడు వింటూ ఇద్దరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

పట్టా కింద ఉన్నదే మిగిలింది. మట్టి కింద ఉన్నదంతా పోయింది. వరద తగ్గి గట్టున కొత్తగడ్డి మొలిచేదాకా ఆ మిగిలినది ఒక గేదెకు సరిపోతుంది. రెంటికీ సరిపోదు. ఈ లెక్క నేను పైకి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. కోసిన ముఖం మీద పట్టా లాగి మట్టి కప్పుతుంటే, అత్తగారు పారేసిన నల్లమేత కుప్ప వైపు, పెద్దగేదె వైపు మార్చి మార్చి చూసింది. వట్టిపోయిన గేదెకు అదైనా పెట్టవచ్చేమోనని ఎవరో అన్నారు. "దాని నోటికి కుళ్లు అందిత్తానా?" అని ఆవిడ ఒక్కసారిగా కసిరింది. ఆ తర్వాత రెండు రోజులు అరటిబోదె నరికి పెట్టింది. గేదె దాన్ని నాకి వదిలేసింది. డొక్కలు లోపలికి పోయాయి.

వరదల్లో మేత లేని ఇళ్లు వెతుక్కుంటూ తాటిపాక సంత బేరగాళ్లు గట్టు వెంబడి తిరుగుతుంటారు. వట్టిపోయిన గేదె ఏ దారిన పోతుందో అందరికీ తెలుసు. బేరగాడిని పిలిచింది అత్తగారే. నేను వద్దనాలనుకున్నాను. వద్దని ఏం పెట్టను? చిన్నదాని వాటాలోంచి తీస్తే దూడ పోతుంది. పలుపు ఆవిడే విప్పింది. కొత్త పలుపు కట్టి, పాత పలుపు తనే ఉంచుకుంది. బేరగాడు లాగితే అది కదల్లేదు. ఆవిడ ముందు నడిస్తే కదిలింది. పాతర మీద నడిచినట్టే, ముందు ఆవిడ, వెనక అది. గట్టు మలుపు దాకా వెళ్లి, అక్కడ వాడి చేతికి అప్పగించి ఒక్కతే తిరిగి వచ్చింది. నన్ను దాటుకుని లోపలికి వెళ్లిపోయింది. నాకు ఆవిడ మీద కోపం పోలేదు. కాని ఆ పూట ఆవిడను చూస్తే గుండె తరుక్కుపోయింది.

చలి మొదలయ్యాక చిన్నది ఈనింది. పెయ్యదూడ. లేచి నిలబడి పొదుగు వెతుక్కుంటుంటే అత్తగారు చిప్పతో నీళ్లు తెచ్చి దాని మూతి తుడిచి, ప్రార్థన చేసుకుంది. పాలకేంద్రంలో మా పాలు ఆగలేదు. ఆవిడ మళ్లీ కూలికి వెళ్లలేదు.

మరుసటేడు పాతరకు సరిపడా పట్టా ముందే తెచ్చిపెట్టాను. మట్టి మూత అన్న మాటే లేదు. తొక్కడానికి గేదె లేదు గనక ఆడవాళ్లమే తొక్కాం. అంచులు మూసే పని అత్తగారిది. ఇసక గోతం లేచిందా, మట్టి ఎక్కడైనా చిట్లిందా అని రోజూ వేళ్లతో తడిమి చూసేది. మొదటి రోజుల్లో పట్టా మీద చెయ్యి వేసి, వెచ్చగా తగిలితే చటుక్కున తీసేసేది. ముఖం పాలిపోయేది. నేను చూస్తున్నానని తెలిసి ఇంకోవైపు తిరిగేది.

వరద నాటికి పట్టా విప్పాం. ఈ మొద్దు నుంచి ఆ మొద్దు దాకా ఒకటే పసుపుపచ్చ. ఎక్కడా నల్లమచ్చ లేదు. నిరుడు ఎరువన్న మగవాళ్లే వంగి వాసన చూశారు. "మాకూ చెప్పండి, ఎలా మూసేరో" అన్నారు. నాకు గాలిలో తేలినట్టుంది. గంప నింపుతూ, "చూసేరా అండీ అత్తయ్యగారూ, ఎలా వచ్చిందో" అన్నాను.

ఆవిడ గుప్పెడు మేత తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"నిరుడు తొక్కింది అదే గదే" అంది. "వానల్లో తిందువు గాని అన్నాను. ఒక్క పరక నోట్లో పెట్టలేదు."